గుమ్మడికాయ కొట్టాక వచ్చిన ఓడ

మా ఆయన పనిచేసింది యుద్ధనౌకలో కాదు, యుద్ధనౌకలకి అన్నం పెట్టే ఓడలో. నడిసముద్రంలో వాటి పక్కనే సాగుతూ గొట్టాలతో ఇంధనం, తాళ్ల మీద బియ్యం బస్తాలు, మందుగుండు అందించేది. నేను కాపురానికి వెళ్లేనాటికే అది పాతబడింది. నా పురుటప్పుడూ సముద్రంలోనే ఉంది, పిల్ల అన్నప్రాశనప్పుడూ సముద్రంలోనే ఉంది. ఫొటోకి పనికొచ్చే ఫిరంగి ఒక్కటైనా లేదేమని వెక్కిరిస్తే, "మేం లేకపోతే ఆ ఫిరంగులు ఎంత దూరం వెళ్తాయి?" అని నవ్వేవారు.

నా వెక్కిరింత మా నాన్నకి నచ్చేది కాదు. ఆయన జూబ్లీహిల్స్ బంగళాల్లో జరిగే షూటింగులకి భోజనాలు వండేవారు. పరిశ్రమ మద్రాసు నుంచి తరలి వస్తుంటే గిన్నెలతో సహా వచ్చి ఫిల్మ్‌నగర్ గుట్ట కింద అద్దెకి దిగారు. "అల్లుడిదీ నాదీ ఒకటే ఉద్యోగం. హీరో తినాలి, లైట్‌మన్ తినాలి, ఆఖర్న మేం తినాలి" అనేవారు.

తొంభైల్లో ఓడకి రిటైర్మెంటు వచ్చింది. ఆఖరి ప్రయాణం ముగిసేదాకా నేనూ పిల్లా నాన్న దగ్గరే ఉన్నాం. ఒక సాయంత్రం విశాఖ క్వార్టర్స్‌లోని మా పక్కింటావిడ, ఇక్కడి ఓనరమ్మ ఇంటికి ఫోన్ చేసి ఓడలన్నీ రేవుకొచ్చేశాయని చెప్పింది. నాన్న ఆగితేనా! షూటింగు ముగిసిన రోజు కొట్టినట్టే, గేటు ముందు గుమ్మడికాయ మీద కర్పూరం వెలిగించి దిష్టి తీసి కొట్టేశారు.

మర్నాడు నేను ఫోన్ చేస్తే అసలు సంగతి తెలిసింది. వాళ్లాయన ఓడ వచ్చిన సంతోషంలో ఆవిడ మాదీ వచ్చిందనుకుంది. మాది రాలేదు. బంగాళాఖాతంలో వాయుగుండం. ఇంధనం అయిపోవచ్చిన మరో ఓడ కోసం మాది వెనక్కి తిరిగింది.

నాకు ఒళ్లు మండింది. "పని పూర్తవకుండా గుమ్మడికాయ ఎవరు కొట్టమన్నారు నిన్ను?" అని నాన్న మీద విరుచుకుపడ్డాను. ముందే కొడితే అపశకునమన్న పట్టింపు, సినిమావాళ్ల మధ్య ఉండి నాకూ అంటుకుంది. నాన్న కత్తిపీట ముందు కూర్చుని ఉల్లిపాయలు తరుగుతూ అన్నారు: "గుమ్మడికాయ కొట్టాక కూడా ప్యాచ్‌వర్క్ ఉంటుంది తల్లీ. మిగిలిపోయిన షాట్లు తీసుకుని సినిమావాళ్లు వచ్చినట్టే అల్లుడుగారూ వస్తారు." నాకు ధైర్యం చెప్పారే గానీ, ఆ పూట కూరలో ఉప్పు వేయడం మరిచిపోయారు.

ఓనరమ్మ ఫోన్ పక్కనే నాకు కుర్చీ వేసింది. "జర ఇంత తిను బిడ్డా. ఫికర్ చెయ్యకు, వస్తడు" అంటూ కంచం చేతిలో పెట్టేది. ఎట్టకేలకు ఒక పొద్దున ఫోన్ మోగింది.

"చేరాం," అన్నారు మా ఆయన. "దానికి ఆయిలు పట్టి, ముందు దాన్ని పంపించి, వెనకాల మేం వచ్చాం. సాయంత్రం మా షిప్పు జెండా దించేస్తారు."

రిసీవరు పట్టుకుని బావురుమన్నాను. గుండె అంత తేలికపడడం మళ్లీ ఎప్పుడూ ఎరగను.

సెలవు దొరకగానే ఆయన వచ్చారు. అందరికీ అందేదాకా తాను కూర్చోకపోవడం అలవాటు కదా, విస్తళ్లు వేయగానే గరిట తీసుకుని మాకు వడ్డించబోయారు. నాన్న ఆ గరిట లాక్కున్నారు.

"ఇంక చాలు. ఇవాళ మీరు ముందు తినండి అల్లుడుగారూ."

ఆయన తల వంచుకుని మొదటి ముద్ద కలిపారు. నాన్నా నేనూ నిలబడి, ఆయన తింటుంటే చూశాం.