చిన్నకోడలి మడతకత్తి

అట్టపెట్టెలు సర్ది కట్లు వేసే ఆ షెడ్డులో కత్తి ఒక్కటే. అది బావగారి బల్లకి గొలుసుతో వేలాడుతుండేది. పురికొస తెంపాలన్నా చిన్నకోడలు ఆయన దగ్గరికి వెళ్లి, ఫోనులో మాట ముగిసేదాకా ఆగాలి.

పైన ఇల్లు, కింద షెడ్డు. పెళ్లయిన నాటి నుంచీ ఆమె లోకం అంతే. కుట్టుదుకాణంలో పనికి వెళ్తానంటే, "మనది మనకుండగా పరాయి పంచ ఎందుకమ్మా?" అని బావగారు నవ్వేసేవారు. అన్నగారి మాటకి ఎదురాడటం ఆమె భర్తకి చేతకాదు.

ఒకరోజు ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లింది.

"మడతకత్తి కావాలి. రోజూ దగ్గరుంచుకోడానికి."

కొట్టతను ముందు నగిషీల పిడి ఉన్నది తీశాడు. తెరవబోతే గోరు ఊడినంత పనైంది. రెండోది తేలికే గానీ, బల్లకేసి నొక్కితే వేళ్ల మీదికి మడత పడబోయింది. మూడోది పొట్టిది, మొండిపిడిది. బొటనవేలితో తోస్తే ఒంటిచేత్తోనే తెరుచుకుని టక్కున బిగిసింది.

"చూడ్డానికి బాగోదమ్మా అది."

"చూడ్డానికి కాదుగా," అని దాన్నే తీసుకుంది.

షెడ్డులో ఆమె దాన్ని బొడ్లోంచి తీసి పురికొస తెంపుతుంటే బావగారు చూశారు. "ఏమ్మా, మా మీద కత్తులు నూరుతున్నావా?"

"అన్నయ్యతో ఎందుకొచ్చిన గొడవ, ఇచ్చెయ్యరాదూ," అని గొణిగాడు భర్త. ఆమె ఇవ్వలేదు. పైగా కుట్టుదుకాణం ఆవిడకి వస్తానని మాటిచ్చి వచ్చింది.

ఆ వారంలోనే పెట్టెలకి పట్టీలు బిగించే మిషన్లో బావగారి చొక్కా చెయ్యి చిక్కుకుంది. చక్రం ఆయన్ని లోపలికి లాగేస్తోంది. స్విచ్చు అవతలి గోడకుంది. భర్త అటు పరుగెత్తేలోపు ఆమె కత్తి తెరిచి, భుజం దగ్గర గుడ్డ కోసేసింది. ఆయన వెనక్కి పడ్డారు. మోచేతి మీద చిన్న గీత, అంతే.

మంచినీళ్లు తాగాక బావగారు ఏడ్చేశారు. "నా ప్రాణం నిలబెట్టావు తల్లీ. ఇక నువ్వు పక్కన లేకుండా ఆ మిషను ముట్టుకోను."

"బావగారూ, నేను కుట్టుపనికి..."

"ఇంత జరిగాక ఎలా వెళ్తావే?" అన్నాడు భర్త.

బావగారు చేతులు జోడించారు. తిట్టి ఆపితే ఆమె తెగించి వెళ్లేదే. దండం పెట్టి ఆపేవాళ్లని ఎలా దాటాలో ఆమెకి తెలియలేదు.

మర్నాడు మిషను పక్కన ఆమెకో కుర్చీ వేసి, మెత్తటి దిండు కూడా పెట్టారు. కుట్టుదుకాణం ఆవిడ కొన్నాళ్లు చూసి వేరే మనిషిని పెట్టుకుంది.