వెనక్కి చూడొద్దన్న మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు పోయారని ఫోన్ వచ్చేసరికి, ఎడిటింగు గదిలో, నా సినిమా నిండా అడ్డదిడ్డంగా దూరిన ఆయన విజిల్ మోతను తీసేయలేక నేను తల పట్టుకుని కూర్చున్నాను. ముందు విసుగొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆ వరుసలోనే వచ్చాయి, దాచడం ఎందుకు?

నేను తీస్తున్నది మారథాన్ చుట్టూ తిరిగే ప్రేమకథ, నవ్వించే సినిమా. బాపట్లలో మొదలై రేపల్లెలో ముగిసే పరుగు, ఆ పరుగులో కలిసే అబ్బాయీ అమ్మాయీ. హీరోకి పరుగు నేర్పమని, తెనాలిలో నాకు చిన్నప్పుడు డ్రిల్లు నేర్పిన మాస్టార్ని పిలవడం నేను కోరి తెచ్చుకున్న తలనొప్పి. వారం తిరిగేసరికి ఆ అబ్బాయి నేను 'యాక్షన్' అంటే కదలడం మానేశాడు. విజిల్ వినపడితే తప్ప కాలు లేవదు. మనసులో మాట చెప్పే సీనులో వాడు ఒక్క క్షణం ముందు నోరు తెరిచాడని మాస్టారు "ఫౌల్! వెనక్కెళ్లి నిలబడు!" అని కేకేశారు. అంత మంచి టేకు మళ్లీ రాలేదు.

"ఇది పందెం కాదు మాస్టారూ, ప్రేమండీ."

"తొందరపడితే రెండిట్లోనూ అవుటేగా అమ్మా."

ఎండలో నిలబడే ఓపిక మాకు నేర్పింది ఆయనే. నాకున్న కాస్త ఓపికా ఆయన పెట్టిందే. అదంతా ఆయన మీదే ఖర్చయిపోయింది.

అసలు పేచీ ముగింపు దగ్గర వచ్చింది. పరుగు ముగిసే గీత దాటబోతూ హీరో ఆగి, వెనకబడిన అమ్మాయి కోసం తిరిగి చూడాలి. నా కథంతా ఆ చూపు మీదే నిలబడింది. మాస్టారు ససేమిరా అన్నారు. "పరిగెత్తేవాడు వెనక్కి చూడకూడదమ్మా. ఏంటీ చోద్యం?" రేపల్లె రోడ్డు మీద, అందరి ముందూ నాకు ఒళ్లు మండిపోయింది. "మీకు ప్రేమ గురించి ఏం తెలుసండీ? రేపట్నుంచి రావద్దు" అనేశాను. ఆయన బస్సెక్కి వెళ్లిపోయారు. క్షమాపణ చెప్పుకోవాలి, రేపు వెళ్దాం, ఎల్లుండి వెళ్దాం అనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ఆ ఫోన్.

తెనాలి వెళ్లి మాస్టారి భార్య ముందు కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. అమ్మగారు కోప్పడలేదు.

"నాతో నడిచినా అంతేనమ్మా. నాకా మోకాళ్ల నొప్పులు, ఆయనా పదడుగులు ముందు. ఒక్కనాడూ తిరిగి చూసింది లేదు. కానీ మలుపు మలుపుకీ వంగి బూటు లేసు కట్టుకునేవారు. నేను దగ్గరికొచ్చేదాకా ఆ ముడి పడేది కాదు."

ఈ ముక్క ఆ రోజు రోడ్డు మీదే చెప్పుంటే మీ సొమ్మేం పోయేది మాస్టారూ! అడక్కుండా వెయ్యి చెప్పారు, కావాల్సింది ఒక్కటీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ప్రేమ గురించి మీకేం తెలుసని అన్నందుకు నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ముగింపు మళ్లీ తీశాం. అమ్మగారినీ వెంట తీసుకెళ్లాను. గీతకు రెండడుగుల ఇవతల హీరో వంగాడు. వెనక్కి చూడలేదు. అమ్మాయి పరుగున వచ్చేసింది. నేను 'కట్' చెప్పగానే అమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"ఆ పిల్లని కాస్త మెల్లగా రమ్మనమ్మా. నేనింత తొందరగా వచ్చేదాన్ని కాదు."

ఇంకోసారి తీశాం. అమ్మాయి కుంటుకుంటూ, ఆగి ఆగి వచ్చింది. అంతసేపూ ఆ అబ్బాయి తలెత్తకుండా, బిగిసి ఉన్న ముడినే విప్పుతూ, మళ్లీ వేస్తూ కూర్చున్నాడు.