శాంతమ్మ సిస్టర్ మూయించిన కన్నం

మునిసిపాలిటీ మనిషి ఇప్పుడే మా వీధి మోరీలో బ్లీచింగ్ పొడి చల్లిపోయాడు. ఆ ఘాటుకు కళ్ళు మండగానే శాంతమ్మ సిస్టర్ గుర్తొచ్చింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, కరువు రోజుల్లో, వనపర్తిలోని ఒక ప్రైవేటు ప్రసూతి దవాఖానలో ఆమె హెడ్ నర్సు. రాజోలి మనిషి. నేను అక్కడ వార్డు పనివాణ్ణి; బడి ముఖం చూడక, మందుల డబ్బాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి.

ఆపరేషన్ గదిలో కత్తెరలు నానబెట్టి కడిగిన నీళ్ళు, నెత్తురూ మందూ కలిసినవి, గోడ కన్నంలోంచి నేరుగా బయటికి పోయేవి. అంత భవనం కట్టించిన యజమానికి ఆ నీటికొక గుంత తవ్వించాలని తోచలేదు. గోడ అవతల వెంకటయ్య కౌలు చేను. అతని బోరు ఎండిపోయింది. మా ప్రాంతంలో పారే నీటిని ఎవరూ ఊరికే పోనివ్వరు. అతను చిన్న కాలువ తీసి ఆ నీటిని పాలకూర మళ్ళకు మళ్ళించుకున్నాడు. ఆకు ఏపుగా వచ్చింది. రేపో మాపో కోసి సంతకు తీసుకుపోవాలి.

ఒకనాటి పొద్దున సిస్టర్ గోడ వెనక్కి వచ్చి అది చూసింది. వెంటనే నా చేత కన్నం మూయించి, నీళ్ళు డ్రమ్ముల్లో పట్టించింది. వెంకటయ్య పార పట్టుకుని ఉరికొచ్చాడు.

“నీళ్ళు బంద్ చేస్తే నా మడి ఎండదా సిస్టరమ్మా?”

“గీ నీళ్ళల్ల నెత్తురుంది, పైకెల్లి మందు. పగిలిన కాళ్ళతోని అండ్లనే దిగుతున్నవ్. గీ ఆకు నీ పిల్లలకు పెడ్తవా?”

“పెట్టినం. ఎవ్వరు సావలే.”

“ఇంగ పెట్టకు. సంతల అమ్మకు గూడ. పీకెయ్.”

“నెల కాంగనే జీతమొస్తది, నీకేం ఎరుక!”

ఆమె గొంతు పెంచలేదు. “తప్పు నీది గాదు ఎంకటయ్యా. నష్టం మాత్రం నీదే. గది నాకెరుకే.”

అతను తిట్టుకుంటూనే పీకడం మొదలుపెట్టాడు. ఆమె చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, తెల్లచీర కుచ్చెళ్ళు దోపి పక్క మడిలో వంగింది. అంతా పీకి పూడ్చిపెట్టాం. తర్వాత ఆమె పోరు పడలేక యజమాని గుంత తవ్వించాడు. కడిగిన నీళ్ళను బ్లీచింగ్ పొడి కలిపి నిలవబెట్టాకే అందులోకి వదిలేవాళ్ళం. వెంకటయ్య ఆ ఎండాకాలమంతా కూలికి పోయాడు. యజమానిని మాత్రం ఊళ్ళో ఎవరూ ఒక్క మాట అనలేదు. పైగా గుంత తవ్వించాడని మెచ్చుకున్నారు.

ఇప్పటికీ ఫలానా చోట మంచి పని జరిగిందని ఎవరైనా చెబితే, నేను వెంటనే తల ఊపను. అది ఎవరి మడి పీకితే జరిగిందని అడుగుతాను.