మామ్మ కొయ్యని గెడ

పక్కింటి మామ్మ పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను తాడేపల్లిగూడెంలో డ్యూటీలో ఉన్నాను. ఆకివీడు దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో. ఊరి రోడ్డు మళ్లీ మునిగిపోవడంతో ఆఖర్న దోనె ఎక్కాల్సి వచ్చింది. దీపావళి దాటాక కూడా రోడ్డు నీళ్లలో ఉండటం మా చిన్నప్పుడు ఎరగం. నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఆఖరి చూపు దక్కలేదు.

మాది కొల్లేటి లంక. హైస్కూలు అవతలి గట్టున ఉంది. నీళ్లొస్తే మగపిల్లలు దోనె వేసుకుని బడికి పోయేవారు. వాళ్లతో కలిసి ఆడపిల్లల్ని ఎక్కనిచ్చేవారు కాదు. దోనె నెట్టే వెదురు గెడ ఆడపిల్ల పట్టుకుంటే వలలో చేప పడదని మావాళ్ల పట్టింపు. ఒకప్పుడు నీళ్లు శ్రావణంలో వచ్చి నాలుగు రోజులుండి పోయేవట. మా కాలానికి ఎప్పుడొస్తాయో, ఎప్పుడు పోతాయో ఎవరికీ అంతుపట్టకుండా పోయింది. బడి మానేసి కూర్చున్న పిల్లలకి పెళ్లి సంబంధాలు మాత్రం ఆ నీళ్లలో కూడా వచ్చేవి.

మామ్మ కూతురి చదువు అలాగే ఆగిపోయింది. "నీళ్లు తగ్గాక వెళ్దువుగాన్లే అన్నానే దాంతో. నీళ్లు తగ్గాయి. అది మళ్లీ బడి మొహం చూడలేదు" అనేది, వల బాగుచేసుకుంటూ. ఆ మాట అన్నప్పుడల్లా చేతిలో పని ఆగిపోయేది.

నా ఎనిమిదో తరగతిలో మామ్మ నన్ను గోడ దగ్గర నిలబెట్టి, పక్కన వెదురు పెట్టి, నా తల దగ్గర సున్నంతో గుర్తు వేసింది. దానిపైన కొన్ని మూరలు వదిలి కోసింది. మగవాళ్ల గెడ మా చేతులకి బరువని ఎవరి ఎత్తుకి తగ్గట్టు వాళ్లకి విడిగా కోసేది. నాన్న గొడవకి వచ్చాడు.

"వలలో చేప పడదు పిన్నీ."

"చేపల చెరువులు తవ్వి కొల్లేరంతా కట్టేసుకున్నాక ఇప్పుడేం పడుతున్నాయేంటి నీకు? పిల్లనైనా బడికి పోనీ."

నాన్న వల భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

తన దోనె మీద గెడ వెయ్యడం నేర్పేటప్పుడు మాత్రం ఆవిడ నోటికి హద్దు లేదు. "నీళ్లని పొడవకే, నేలని నెట్టు" అని ఒడ్డు మీంచి కేకలేసేది. తిట్టినన్ని తిట్లు తిట్టి, సాయంత్రం పిలిచి చేపల పులుసు పెట్టేది. నేను నర్సునయ్యానంటే ఆ తిట్ల చలవే. ఆ మాట ఆవిడతో అందామనుకుంటూనే ఉండిపోయాను.

మర్నాడు పొద్దున్న మామ్మ వసారాలోకి వెళితే గోడకి ఒక వెదురు ఆనించి ఉంది. సున్నం గుర్తుంది, కోత లేదు. అది ఎదురింటి పిల్లకని అమ్మ చెప్పింది. గెడ వెయ్యడం నేర్పి, కిందటేడు గుర్తు వేసి, కొయ్యకముందే మామ్మ మంచం పట్టిందట. ఆ వానలన్నాళ్లూ పిల్ల ఇంట్లోనే ఉండిపోయింది. ఇప్పుడు పదో తరగతి. ఈసారి కూడా బడి పోతే ఇక మాన్పించేస్తానని వాళ్ల నాన్న తేల్చి చెప్పేశాడు.

పిల్లని పిలిచి వెదురు పక్కన నిలబెట్టాను. గుర్తు చెవి దగ్గరికి వచ్చింది. కత్తి తీసుకున్నాను గానీ, మామ్మ ఎన్ని మూరలు వదిలేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు. చెప్పే మనిషి లేదు. నాకు ఏడుపొచ్చేసింది.

"కొయ్యకండక్కా. ఇంకా పెరుగుతాను కదా" అంది పిల్ల.

బడి టైమవుతోందని పుస్తకాల సంచీ తగిలించుకుని, వెదురు భుజాన వేసుకుని, రేవులో ఉన్న మామ్మ దోనె వైపు నడిచింది. వెనక వెదురు కొస బురదలో గీత గీసుకుంటూ పోయింది.