కన్ను తెరిచిన మామిడి పిందెలు

మరిడమ్మ చేపలు పెట్టిన కూడు తిని పెరిగిన మనిషి. తల్లి గంపెత్తి ఊరూరా అమ్మింది. మొగుడు గంగులు ఇప్పటికీ వేటకు పోతాడు. ఆమె మాత్రం ఎచ్చెర్లలో పదిహేను రోజులు పని నేర్చుకొచ్చి, వంటింటి పొయ్యి మీద మైనం కరిగించి చీరల మీద చేపలు గీస్తుంది. మైనం అంటిన చోట రంగెక్కదు. చీరను నీలంలో ముంచి ఆరబెట్టి, మరిగే నీళ్లలో మైనం వదిలిస్తే తెల్లటి చేపలు తేలతాయి.

శ్రీకాకుళంలో బట్టల కొట్టు ఉమాశంకర్ ఆ చీరలను తిరగేసి తిరగేసి చూశాడు. పనితనానికి వంక పెట్టలేక చేపలకు పెట్టాడు. ఆదివారం అరసవల్లి గుడికి వచ్చే ఆడవాళ్లు ఒంటికి నీసు చుట్టుకుని వస్తారా అన్నాడు. మామిడి పిందెలు వేసుకొస్తే నెలకు ఇరవై చీరలు తీసుకుంటానన్నాడు.

మరిడమ్మకు ఒళ్లు మండింది. కానీ నెలకు ఇరవై చీరలంటే మాటలా? ఎవరి ముందూ చెయ్యి చాపకుండా బతకొచ్చు. అత్త లక్ష్మణమ్మ కూడా, పిందెలేస్తే నీ సెయ్యేటి అరిగిపోద్దా అని దెప్పింది. సరేనని కోపం దిగమింగి కూర్చుంది.

కొంగు నిండా పిందెలు గీసి తలెత్తి చూసుకుంటే ఏముంది, నా తల్లే! ప్రతి పిందెకూ కన్నుంది. ఒంపు తిరగ్గానే కన్ను పెట్టడం అలవాటైన చెయ్యి, అడక్కుండానే పెట్టేసింది. గుడ్డలోకి ఇంకిన మైనం గీకితే పోయేది కాదు. అత్త తల బాదుకుంది. మరిడమ్మకు ముందు ఏడుపొచ్చింది, తరవాత నవ్వొచ్చింది, ఆఖరికి పౌరుషం వచ్చింది. మైనం మళ్లీ వేడిచేసి పిందె పిందెకూ తోక గీసింది.

నీలంలో ముంచి మైనం వదిలించి, ఆదివారం ఆ చీరే కట్టుకుని అరసవల్లి వెళ్లి దండం పెట్టుకుని, అటునుంచి అటే కొట్టుకు నడిచింది. ఉమాశంకర్ మొహం మాడ్చుకున్నాడు. ఇరవై చీరల మాట మర్చిపొమ్మన్నాడు.

మరిడమ్మ కొంగు చివర బల్ల మీద పరిచింది.

"ఈటిని అమ్మే మాయమ్మ నన్ను పెంచినాది బాబూ. నా సెయ్యి మర్సిపోనేదు, నన్నెలా మర్సిపొమ్మంతావు? దేవుడి ముందరికి ఇదే కట్టుకెల్లాను. ఆయనేటీ అన్నేదు."

కొంగు సర్దుకుని బయటికొచ్చేసింది. ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పి, ఇరవై చీరలూ పోయాయని అత్త తిట్లకు సిద్ధపడి కూర్చుంది.

లక్ష్మణమ్మ తిట్టలేదు. లోపలికెళ్లి పెట్టెలోంచి తన తెల్ల నేతచీర తెచ్చి కోడలి ఒళ్లో పడేసింది.

"నాకూ గియ్యే. వచ్చే ఆదివారం నానూ గుడికెల్తాను. పెద్దయి గియ్యి, దూరానికి కూడా అగుపడాల."