నా చెయ్యి విరగ్గొట్టిన బావ

మా బావ పోయాడని మంగళవారం పొద్దున మేనల్లుడు ఫోన్ చేశాడు. నిద్రలోనే పోయాడట, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా. ఆ మాట నాకు ఒక పట్టాన నమ్మబుద్ధి కాలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా ఏ పనైనా చేసిన మనిషి కాదాయన. నా కుడి చెయ్యి విరగ్గొట్టింది ఆయన. ఆయన ఎడమ కంటి చూపు సగం తీసింది నేను. ఆ తర్వాత ఇన్నేళ్లూ ఒకరింట్లో ఒకరం అన్నం తిన్నాం.

బావ వాళ్ల ఊరు కీసర వెళ్లేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. అక్క గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు.

"వచ్చావా. నీ చెయ్యి పట్టుకు చూసేవాడు లేడురా ఇంక" అంది.

అప్పుడు ఏడుపు ఆగలేదు నాకు. బావ నన్ను ఎప్పుడు చూసినా బాగున్నావా అని అడిగేవాడు కాదు. ముందు నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా చాపి, ఎంతవరకు వస్తుందో చూసేవాడు. ఇంకా అంతేనా అనేవాడు. అంతే బావా అనేవాణ్ని. ఆ తర్వాతే మంచినీళ్లూ, కాఫీలూ. పెళ్లిళ్లలో అంతే, బస్టాండులో అంతే. ఒకసారి నందిగామ కోర్టు మెట్ల మీద ప్లీడర్లందరూ చూస్తుండగా కూడా ఆ పరీక్ష చేశాడు. ఆయన కంటి సంగతి ఎవరైనా అడిగితే, మా బావమరిది ముచ్చటపడి చేసిన పని అని చెప్పి, కారుతున్న కన్ను కండువాతో ఒత్తుకునేవాడు.

ఒకప్పుడు మేం జీతానికి బాస్కెట్‌బాల్ ఆడామంటే మా మనవలు నవ్వుతారు. జగ్గయ్యపేటలో ఒక నూనె మిల్లు ఉండేది, నందిగామలో ఒక పత్తి మిల్లు. ఆ ఇద్దరు యజమానులకూ ఒకరంటే ఒకరికి పడదు. ఎందుకు పడదో వాళ్లకు కూడా గుర్తున్నట్టు లేదు. మిషన్ బళ్లలో ఆట నేర్చిన పొడుగాటి కుర్రాళ్లను ఏరి తెచ్చుకుని, కాటా గుమస్తాలని పేరు పెట్టి, నెలజీతమిచ్చి ఆడించేవారు. నాకు ఈనాటికీ కాటా వెయ్యడం రాదు. మాలో ఎక్కువమందిమి క్రైస్తవుల పిల్లలం, కూలికి వెళ్లే ఇళ్లవాళ్లం. ఆ కొలువు పోతే మళ్లీ మిరప చేలోకి దిగాల్సిందే.

మిరపకాయ కల్లాలకు చేరిన దగ్గర్నించి వడగాలులు మొదలయ్యేదాకా మా సీజను. చుట్టుపక్కల జట్లన్నిటితో ఆడి, చివరికి మిగిలిన రెండు జట్లూ కప్పు కోసం ఆడాలి. దాదాపు ప్రతి ఏడూ ఆ రెండూ మావే. ఆట అంటున్నాను గాని అందులో సగం కొట్లాట. గరుసు నేల. ఒకసారి పడ్డామంటే మోకాలి మీద తోలు మిగిలేది కాదు. రిఫరీ నోట్లో ఈల ఉండేది, ఊదే ధైర్యం ఉండేది కాదు. ఒక ఊళ్లో మా వాడి చెవి తమ్మె తెగి వేలాడితే, దాన్ని వేళ్లతో అదిమి పట్టుకుని ఒంటి చేత్తో ఆడాడు. ఇంకో ఊళ్లో మా లారీ మీద రాళ్లు పడ్డాయి. డ్రైవరు జాకీ రాడ్డు తీసుకుని దిగి, దొరికినవాణ్ని దొరికినట్టు బాదాడు. మర్నాడు అందరం ఎవరి మిల్లులో వాళ్లం పసుపు రాసుకుని కూర్చునేవాళ్లం.

నేను జగ్గయ్యపేట జట్టు. బావ నందిగామ జట్టులో వెనక ఉండేవాడు. అప్పటికింకా నాకు బావ కాదు, శత్రువు. రింగు కిందికి ఎగిరినవాణ్ని నేలకు దించడమే ఆయన పని. అక్క పెళ్లి కుదిరిన ఏడు మొదటి ఆటలోనే ఆయన మోచెయ్యి నా డొక్కలో దిగింది. ఊపిరాడక డొక్క పట్టుకుని వంగిపోయాను. పక్కనుంచి పోతూ, "తగిలినచోట చెయ్యి పెట్టుకోకు. ఎక్కడ నొప్పో ఎదుటివాడికి తెలిసిపోద్ది" అన్నాడు. వేళాకోళమనుకుని మరుక్షణం ఆయన కాలు తొక్కాను. అది నిజంగా చెప్పిన మాటేనని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ తర్వాత బావ డ్రిల్లు మాస్టారై బడి పిల్లలకు అదే చెప్పేవాడు. రెడ్డిగూడెంలో ఒక పెద్దమనిషి తన పొలానికి అడ్డంపడి నడిచాడని ఒక పిల్లవాణ్ని చెప్పుతో కొడితే, మాస్టారుగారు వెళ్లి ఆ పెద్దమనిషిని అదే గట్టు మీద పడేసి కొట్టాడు. ఉద్యోగం ఊడినంత పనైంది. కోపం మంచిదని నేననను. దానివల్ల అక్క పడ్డ అవస్థ నాకు తెలుసు. కాని మనసులో ఒకటి పెట్టుకుని చేత్తో ఇంకొకటి చెయ్యడం ఆ మనిషికి చేతకాలేదు. నాకు ఆయన మీద గౌరవమంతా అందుకే.

ఆ సీజను మధ్యలోనే సంబంధం వచ్చింది. రెండు ఊళ్ల పాస్టర్లూ మాట్లాడుకుని తెచ్చారు. మా అక్క టీచరు ట్రైనింగు అయింది, అబ్బాయి చదువుకున్నాడు, పొడుగూ పొడుగూ సరిపోయింది. నాన్న సరేనన్నాడు. నన్నెవరూ అడగలేదు. మా సంఘాల్లో పెళ్లికి ముందు వరసగా మూడు ఆదివారాలు చర్చిలో ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పండి అని. మొదటి ఆదివారం చదివారు. సోమవారానికల్లా జగ్గయ్యపేట బజారులో ఒకటే మాట. పిల్లనిచ్చి కప్పు కొనుక్కుంటున్నారట. నందిగామలో దానికి తిరగేసిన మాట. బావమరిది పడిపోతాడట, బావ కప్పు పట్టుకుపోతాడట.

రెండో ప్రకటన అయ్యాక మా యజమాని నన్ను గదిలోకి పిలిపించాడు. తిట్టలేదు. కప్పు ఆటలో నేను మెత్తగా ఆడినట్టు కనపడితే మిల్లు గేటు ముందే నా కాళ్లు విరగ్గొట్టిస్తానని నిదానంగా చెప్పాడు. అవతల బావకూ అలాంటి కబురే అందిందని తర్వాత తెలిసింది. ఇక మా ఇద్దరికీ మిగిలిన దారి ఒక్కటే. అమ్ముడుపోలేదని జనం కళ్లెదుట రుజువు చెయ్యాలి. దానికి ఒకళ్లనొకళ్లం కొట్టుకోవడం తప్ప మాకు ఇంకేం తెలుసు?

మూడో ఆదివారానికి ముందు గురువారం నందిగామలో ఆట. చాపల తడిక కట్టిన మైదానం నిండిపోయి, జనం ఎడ్లబళ్ల మీదికెక్కి నిలబడ్డారు. బంతి ఎగరెయ్యబోతుండగా బావ నా పక్కకు వచ్చాడు.

"ఒళ్లు దాచుకోమాక. నేను దాచుకోను" అన్నాడు.

దాచుకోలేదు. మొదటి బంతికే ఆయన భుజం నా దవడకు తగిలి ఒక పన్ను ఊడి నాలుక మీద పడింది. ఉమ్మేసి ఆడాను. తర్వాతి బంతికి ఎగిరి, దిగేటప్పుడు కావాలనే తలతో ఆయన కంటి మీద కొట్టాను. కనుబొమ దగ్గర చిట్లి మొహమంతా నెత్తురు కమ్మింది. జనం ఈలలు వేశారు. ఎవరూ అమ్ముడుపోలేదని అప్పటికే తేలిపోయింది. అక్కడితో ఆగాల్సింది. కాని ఒంట్లోకి వచ్చింది అంత తేలిగ్గా దిగదు. బంతి ఎటు పోయిందో మా ఇద్దరికీ పట్టలేదు. నా మెడ ఆయన చేతిలో, ఆయన బనీను నా చేతిలో. మా వాళ్లు లాగుతుంటే వాళ్లనూ కొట్టాం. కాసేపటికి ఈలలు కూడా ఆగిపోయాయి. చివరికి రింగు కింద ఇద్దరం కలిసి ఎగిరి కలిసి పడ్డాం. నా చెయ్యి కింద, దాని మీద ఆయన మోకాలు. ఎండు కందికట్టె విరిగినట్టు చప్పుడైంది. అది నాకంటే ముందు ఆయనకే వినపడింది. మోకాలు చటుక్కున తీసేశాడు.

అంతలో తడికలు పడ్డాయి. నందిగామ వాళ్లు వెదురు గుంజలు పీక్కుని మా జట్టు మీదికి వచ్చారు. నేను లేవలేకుండా ఉన్నాను. అందరికంటే ముందు వచ్చినవాడు గుంజ నా తల మీదికి ఎత్తాడు. బావ ఆ గుంజ పట్టుకుని లాగి, దాంతోనే వాడి భుజం మీద ఒక్కటిచ్చాడు. వాడు పత్తి మిల్లు యజమాని మేనల్లుడని తెలిసే కొట్టాడు.

"ఆటలో నేను కొట్టా. ఆట ఐపోయింది. ఇంకెవడన్నా వీడి మీద చెయ్యేస్తే చంపేస్తా" అన్నాడు.

ఒక కన్ను మూసుకుపోయిన మనిషి గుంజ తిప్పుతూ నా చుట్టూ తిరిగాడు. వచ్చినవాళ్లను వచ్చినట్టు కొట్టాడు, తన జట్టువాళ్లను కూడా. పోలీసులు వచ్చేదాకా నా దగ్గరికి ఎవరూ రాలేకపోయారు. ఆ కప్పు ఆ ఏడు ఎవరికీ ఇవ్వలేదు. మర్నాడే ఆయన్ను కొలువులోంచి తీసేశారు. అమ్ముడుపోయాడనే మాట మళ్లీ లేచింది, ఈసారి ఆయనొక్కడి మీదే.

నేను సిమెంటు కట్టుతో ఇంటికొచ్చాను. నాన్న ఒక నిర్ణయానికి వచ్చేసి ఉన్నాడు. కొడుకు చెయ్యి విరగ్గొట్టి, కొలువు పోగొట్టుకున్నవాడికి పిల్లనివ్వనన్నాడు. తాను మాటిచ్చాడు కనక తాను కాదనలేడు. ఆదివారం అభ్యంతరం అడిగినప్పుడు నేను లేవాలట. దెబ్బ తిన్నది నేను కాబట్టి ఎవరూ తప్పుపట్టరు. నేను అక్క మొహం చూశాను. అక్క బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఏరుతూనే మాట్లాడింది.

"నిన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకునుంటే నేనే వద్దనేదాన్ని. రేపు నా దగ్గర కూడా అట్టాగే నటించేవాడు. ఆట అయ్యాక నిన్ను కొట్టనీకుండా కాసినవాణ్ని ఎట్టా వద్దంటాను? నువ్వే చెప్పు. ఆ తర్వాత నీ ఇష్టంరా తమ్ముడూ."

ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. ప్రార్థనకు వచ్చినవాళ్లు తక్కువ, నన్ను చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువ. పాస్టరుగారు ప్రసంగం మొదలుపెట్టాక వెనక తలుపు దగ్గర కదలిక వినపడింది. తిరిగి చూస్తే బావ. నందిగామ బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు. కంటి చుట్టూ నల్లగా వాచి, పెదవి చీలి ఉంది. మగవాళ్ల వైపు చాపల మీద ఎవరూ జరగలేదు. చెప్పులు విడిచినచోట నిలబడ్డాడు.

ప్రకటన చదివారు. అభ్యంతరం ఉన్నవారు తెలియజేయాలన్నారు. నాన్న మోకాలితో నన్ను పొడిచాడు. అందరి తలలూ నా వైపు తిరిగాయి. నేను లేచాను. ఆడవాళ్ల వైపు ఎవరో అయ్యో అన్నారు. పాస్టరుగారు కళ్లద్దాలు తీశారు.

"అభ్యంతరమేం లేదండి. ఆయన ఇందాకట్నించీ నిలబడే ఉన్నాడు. కూర్చోటానికి చోటివ్వమనండి" అన్నాను.

చోటు ఎవరూ ఇవ్వలేదు. నేనే జరిగాను. నాన్న ఇంకొంచెం జరగక తప్పలేదు. బావ వచ్చి నా ఎడమ పక్కన కూర్చున్నాడు. కీర్తన మొదలైంది. పుస్తకం పట్టుకుని పేజీ తిప్పడానికి నాకు రెండో చెయ్యి లేదు, చదవడానికి ఆ వాపుతో ఆయనకు కళ్లు ఆనడం లేదు. ఆయన పట్టుకున్నాడు. నేను ఒక్కో చరణం ముందుగా చెవిలో చెబుతుంటే ఆయన పాడాడు. చర్చి మొత్తం మీద ఆయన గొంతే పెద్దది, రాగం ఎక్కడా కలవలేదు. పిడికిలి మీద దెబ్బలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పేజీ తిప్పినప్పుడల్లా ఒక గాయంలోంచి చిన్న బొట్టు నెత్తురు ఊరేది. ఆయన తర్వాతి చరణం కోసం చెవి నా నోటి దగ్గరికి వంచేవాడు.