ఉప్పు చూడమన్నారు

శామీర్‌పేట చెరువు కట్ట కింద, మిత్రుడి పొలంలో ఆదివారం నాటుకోడి కూర ఉడుకుతోంది. కాకినాడ నుంచి వచ్చిన అతిథినని, వంట చేస్తున్న మల్లేశ్ నా అరచేతిలో ఇంత పులుసు పోశాడు.

"అన్నా, ఉప్పు జూడు."

మా సముద్రమే నాకంటే ముందు బస్సెక్కి వచ్చి ఆ గిన్నెలో దూకినట్టుంది. అయినా మర్యాద కొద్దీ "అమోఘం!" అన్నాను.

తొలి ముద్దకే మిత్రబృందమంతా నా మీద పడింది.

"ఏందన్నా, గది నాల్కనా, జీడిమెట్ల ఫ్యాక్టరీల జేపిచ్చిన రబ్బరా?"

మల్లేశ్‌ను ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా వాడూ నన్నే తిట్టాడు! అక్కడ కూరకు పూచీ వండినవాడిది కాదట, ఉప్పు చూసినవాడిదట.

నేను బిందె ఎత్తి నీళ్లు తాగుతుంటే మల్లేశ్ పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "ఏమనుకోకన్నా. ఉప్పెక్కువైందని నాకు ముందుగాలనే ఎర్క. గందుకే నీతోని జూపిచ్చిన."